ఆదివారం సైకిలు, సాయంత్రం గిటారు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కలుసుకున్నప్పుడల్లా 1982లో సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలుచుకుంటాం. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని గురించీ, కరువు భత్యం గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం "విశ్రాంత జీవితం - ఆరోగ్యం". నేను డాక్టరును కాను. యోగాసనాలు వేసి చూపించమన్నా ఈ వేదిక మీద నా వల్ల కాదు. కాబట్టి ఒకే ఒక్క రోజు గురించి చెబుతాను. 2021 నవంబరులో ఒక ఆదివారం. ఆ రోజు పొద్దున సైకిలు తొక్కాను, సాయంత్రం రాక్ సంగీతం విన్నాను. అప్పటికి నాకు 73 ఏళ్లు. వెనుక వరుసలో ఎవరో నవ్వుతున్నారు, నవ్వండి. మా ఇంట్లో కూడా ముందు నవ్వే మొదలైంది.

సైకిలు అనగానే మనలో చాలామందికి ఆఫీసు సైకిలు స్టాండు గుర్తుకు రావాలి. నేను 1970లో గుమాస్తాగా చేరినప్పుడు కాపురం హిమాయత్‌నగర్‌లో, ఆఫీసు నాంపల్లిలో. హైదర్‌గూడ, కింగ్‌కోఠి, బొగ్గులకుంట, ఆబిడ్స్, అక్కడి నుంచి స్టేషను రోడ్డు. ఎండాకాలంలో చొక్కా వీపుకు అంటుకునేది, వానాకాలంలో మడ్‌గార్డు ఉన్నా వీపు మీద బురద గీత పడేది. అంతకు మించిన బాధ లేదు. సైకిలు కొనటానికి అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టి, పర్మనెంటు ఉద్యోగి ఒకరి చేత పూచీకత్తు సంతకం చేయించి, నెలనెలా జీతంలో కోత పెట్టించుకున్న తరం మనది. ఆ బండికి మునిసిపాలిటీ వారి లైసెన్సు బిళ్ల ఉండాలి. రాత్రి దీపం లేకుండా పోతే, వెనక స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని డబుల్స్ తొక్కితే, మూల మీద పోలీసు ఆయన ఆపి చక్రాల్లో గాలి తీసేసేవాడు. సాయంత్రం ఐదు దాటాక నాంపల్లి ఆఫీసుల గేట్ల నుంచి సైకిళ్లు ఒక్కసారిగా బయటికి వచ్చినప్పుడు ఆ బెల్లుల మోత విన్నవారు ఈ సభలో ఇంకా ఉన్నారని నా నమ్మకం.

ప్రభుత్వం కూడా సైకిలును ఎంత కాలం గుర్తు పెట్టుకుందో చూడండి. కేంద్రంలో వడ్డీ లేని సైకిలు అడ్వాన్సు ఏడో వేతన సంఘం సిఫారసుతో 2016లో గానీ పోలేదు. సైకిలు భత్యం మాత్రం పోస్టుమాన్లకు, రైలు పట్టాలు చూసే ట్రాక్‌మన్లకు ఉంచి, 2017లో నెలకు 90 రూపాయల నుంచి 180 రూపాయలు చేశారు. ఉత్తరం చేతికి అందాలన్నా, రైలు పట్టా తప్పకుండా నడవాలన్నా సైకిలు కావాలని లెక్కల శాఖ వారు ఒప్పుకున్నారన్నమాట. మరోవైపు మనలో సగం మంది తొక్కిన అట్లాస్ సైకిళ్ల కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. జూన్ 3 ప్రపంచ సైకిలు దినోత్సవం. ఐక్యరాజ్య సమితి 2018లో ఆ రోజును ప్రకటించింది. ముహూర్తం ఎవరు పెట్టారో గాని!

అందరిలాగే నేనూ స్కూటరు కొన్నాను. పిల్లలు కార్లు కొన్నారు. సైకిలు మా అపార్టుమెంటు సెల్లారులో మీటరు బోర్డు కింద దుమ్ము పట్టి నిలబడింది. అయినా సైకిలు పోయిందని నాకు పెద్ద దిగులు లేదు. దిగులు పడింది 2019లో.

మన సంఘ సభ్యుడొకరు, పేరు చెప్పను, మీలో చాలామందికి తెలుసు. నాకు 30 ఏళ్ల సహోద్యోగి, పక్క సెక్షను. సమావేశానికి వస్తూ రోడ్డు దాటుతుంటే మోటారు సైకిలు తగిలి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. కానీ ఆ తరువాత ఆయన మెట్లు దిగలేదు. బాల్కనీలో కూర్చుని రోడ్డు చూసేవాడు. "రోడ్డు దాటాలంటే భయం కాదు బాబూ, అవతల ఏమున్నదీ మర్చిపోతున్నాను" అన్నాడొకసారి. మన సమావేశాలకు హాజరు ఎందుకు తగ్గుతోందని ఏటేటా చర్చిస్తుంటాం. వయసు, మోకాళ్లు, బీపీ అని రాసుకుంటాం. నా లెక్కలో మొదటి కారణం రోడ్డు. ఇంటి నుంచి హాలు దాకా రావటానికి మధ్యలో ఆ మూడు నాలుగు వందల గజాలు దాటలేక ఆగిపోయినవారు మనలో ఎంతమంది?

ఆపైన కరోనా వచ్చింది. ఆ రెండేళ్ల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. మన పత్రికలో శ్రద్ధాంజలి పేజీ ఒకటి చాలక రెండు, మూడు అయిన రోజులవి.

అటువంటప్పుడు 2021 ఆగస్టు చివరి ఆదివారం ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా వాహనాలను ఆపేశారు. సెప్టెంబరుకు ఆ ఆదివారాలకు "సండే ఫన్‌డే" అని పేరు పెట్టి సైన్యం బ్యాండు, పాటలు, తినుబండారాల బళ్లు పెట్టారు. జనం పిల్లాపాపలతో, మూతికి మాస్కులతో, నడిరోడ్డు మీద నడిచారు. ఈ వార్త పేపరులో చదివి నేను సెల్లారులోకి వెళ్లి సైకిలు మీద గుడ్డ తీశాను.

రిపేరుకు నారాయణగూడ వైపు ఒక సందులో ఉన్న షాపుకు నడిపించుకు వెళ్లాను. ట్యూబులు రెండూ, టైర్లు రెండూ, బ్రేకు రబ్బర్లు, చెయిను మార్చాల్సి వచ్చింది. హబ్బులు విప్పి గ్రీసు పెట్టాడు. షాపతను ఫ్రేము మీద వేలితో కొట్టి, "గిసొంటి గట్టి బండి ఇప్పుడు రాదు సార్, అమ్ముతరా?" అన్నాడు. అమ్మనన్నాను. "మరి తొక్కేదెవరు?" అన్నాడు. నేనే అంటే ఏమీ అనకుండా సీటు రెండంగుళాలు కిందికి దించాడు. ఆ దించటంలో ఉన్న విజ్ఞతకు అతనికి ఎంత ఇచ్చినా తక్కువే. మన వయసులో సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. తొక్కటానికి కొంచెం బరువు అనిపించినా సరే. మనం పడేది తొక్కుతున్నప్పుడు కాదు, దిగేటప్పుడు. కాలు కడ్డీ మీదుగా తిప్పలేక పడతాం.

పది రోజులు హిమాయత్‌నగర్ లోపలి వీధుల్లోనే, తెల్లవారుజామున, మనవడు వెనక నడుస్తుండగా తొక్కాను. చిన్నప్పుడు సీటు అందక కడ్డీ సందులోంచి కాలు పెట్టి కైంచీ తొక్కుతుంటే మా నాన్నగారు ఇలాగే వెనక పరుగెత్తేవారు. వరస తిరగబడింది, అంతే.

ఇక ఆ ఆదివారం. నవంబరు ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు, వీపు మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది. ఆరున్నరకు మనవడు తన గేర్ల సైకిలు మీద, నేను నా బండి మీద బయలుదేరాం. లిబర్టీ మీదుగా అంబేద్కర్ విగ్రహం దాకా వెళ్లి, ఎన్టీఆర్ మార్గ్ పట్టుకుని, అప్పటికి పీవీ గారి పేరు పెట్టిన నెక్లెస్ రోడ్డు మీదకు చేరాం. అంత పొద్దున వాహనాలు తక్కువ. హుస్సేన్‌సాగర్ నీళ్ల మీద ఎండ పడి కళ్లు చికిలించుకోవాల్సి వచ్చింది. రంగు రంగుల హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలు గుంపుగా దాటిపోతూ "గుడ్ మార్నింగ్ అంకుల్" అని అరిచారు. నేను బెల్లు కొట్టాను. వాళ్ల సైకిళ్లకు బెల్లు లేదు, అంత ఖరీదు పెట్టి!

తిరుగు ప్రయాణం ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా. పబ్లిక్ గార్డెన్స్‌లో సైకిలు నడిపించుకుంటూ తిరిగి, బెంచీ మీద పావుగంట కూర్చున్నాం. నాంపల్లిలో నా పాత ఆఫీసు గేటు ముందు ఆగాను. సైకిలు స్టాండు ఉన్న చోట కార్లు నిలబడి ఉన్నాయి. ఆదివారం కూడా! మనవడు ఫోటో తీస్తానంటే వద్దన్నాను. ఇరానీ చాయ్ తాగి మొజంజాహీ మార్కెట్‌కు వచ్చాం. 1935లో కట్టిన ఆ రాతి కట్టడాన్ని మరమ్మతు చేసి 2020లో తిరిగి తెరిచారు. ఆ నల్లటి మసి అంతా కడిగాక రాయి అసలు రంగు బయటపడింది. ఇక్కడ ఒక ముచ్చట. ఏడో నిజాం పెద్దకొడుకు హిమాయత్ అలీఖాన్ పేరు మీద హిమాయత్‌నగర్, రెండో కొడుకు మొజంజా పేరు మీద ఈ మార్కెట్. కాబట్టి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను రోజూ అన్నగారి పేట నుంచి తమ్ముడిగారి మార్కెట్ వైపు తొక్కుతూ వచ్చానన్నమాట.

ఆబిడ్స్‌లో అప్పటికే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తున్నారు. దుకాణాలు మూసి ఉండే ఆదివారం ఆ షట్టర్ల ముందు పుస్తకాల సంత జరగటం మనందరికీ తెలిసిన విషయమే. మనవడికి గిటారు నేర్చుకునే పుస్తకం దొరికింది, నాకు పాత తెలుగు వారపత్రికల బైండు. క్యారియరుకు కట్టుకుని పదకొండు లోపల ఇల్లు చేరాం. మోకాళ్లు నొప్పి పెట్టాయి. అబద్ధం ఎందుకు, బాగానే నొప్పి పెట్టాయి. మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటలు ఒళ్లెరగకుండా నిద్రపోయాను. నిద్రమాత్ర లేకుండా ఆ నిద్ర ఎన్నాళ్లకు పట్టిందో!

నవంబరు అంటే మనకు లైఫ్ సర్టిఫికెట్ల నెల. వేలిముద్ర పడక, కంటిపాప యంత్రానికి అందక, బతికే ఉన్నామని రుజువు చేసుకోవటానికి ఎన్ని తిప్పలు పడతామో! ఆ రోజు నాంపల్లి దాకా తొక్కి వచ్చినందుకు ఎవరైనా ఒక ముద్ర వేసి ఇస్తే బాగుండుననిపించింది.

సాయంత్రం మా ఆవిడ కూడా బయలుదేరింది. ట్యాంక్‌బండ్ మీద బ్యాండు వాయిస్తారట అంటే, "ఎవరి పెళ్లండీ?" అంది. లిబర్టీ దాకా ఆటోలో వచ్చి అక్కడి నుంచి నడిచాం. సైకిలు మనవడు నడిపించాడు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన ఆ కట్ట మీద నలభై యాభై ఏళ్లుగా నేను బస్సులోనో స్కూటరు మీదనో పోయినవాణ్నే, నడిమధ్యన నిలబడి ఇటూ అటూ చూడటం అదే మొదటిసారి. హారను మోత లేకపోతే ట్యాంక్‌బండ్ మీద గాలి చప్పుడు వినిపిస్తుందని అప్పుడే తెలిసింది. 1986లో పెట్టిన విగ్రహాల కింద పేర్లు పిల్లలు కూడబలుక్కుని చదువుతున్నారు. రోజూ ఎనభై మైళ్ల వేగంతో పోయేవాడికి ఆ పేర్లు ఎక్కడ కనబడతాయి?

కొంచెం దూరంలో నలుగురు కుర్రవాళ్లు, ఒక అమ్మాయి తీగలు బిగించుకుంటున్నారు. అమ్మాయి డ్రమ్ముల దగ్గర కూర్చుంది. ఇది చెప్పినప్పుడు ముక్కు మీద వేలేసుకున్న మిత్రులున్నారు. మా మనవడు నాకు ముందే కొంత పాఠం చెప్పాడు. వాడు, వాడి స్నేహితులు మా అపార్టుమెంటు డాబా మీద సాధన చేస్తుంటారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలలో ఉంది. దానికి ఇంకో రెండు గంటలు చేర్చి, రాత్రి ఎనిమిదింటికి ఆపాలని ఫ్లాట్ల వారికీ వీళ్లకూ మధ్య నేనే రాజీ కుదిర్చాను. 36 ఏళ్లు ఫైళ్లు నడిపిన అనుభవం ఎక్కడో ఒకచోట అక్కరకు రావాలి కదా.

రాక్ అంటే రాయి కాదు, ఊపు అని వాడు చెప్పాడు. అమెరికాలో నల్లవారి పాటల్లోంచి 1950లలో పుట్టుకొచ్చింది. తాళం చాలామటుకు నాలుగు మాత్రలే, మన చతురశ్రమే. కానీ మనం మొదటి మాత్ర మీద బరువు వేస్తాం, వీళ్లు రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద దెబ్బ కొడతారు. అందుకే కాలు దానంతటదే లేస్తుంది. బాస్ గిటారు అని నాలుగు లావు తీగల వాయిద్యం ఒకటి ఉంది. అది చెవికంటే ముందు రొమ్ముకు వినిపిస్తుంది. గిటారు గరగరమనటం పాడైపోయి కాదు, ఆంప్లిఫయరుకు మోయలేనంత శబ్దం ఇచ్చి కావాలని చేయిస్తారు. నాదస్వరంలో జీర లేకపోతే మనకు బాగుంటుందా, అదీ అంతే అనుకున్నాను.

ఇంగ్లీషు పాటలు రెండు వాయించారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఉద్యోగంలో చేరిన 1970లోనే బీటిల్స్ విడిపోయారు. వారి పాటలు రేడియో సిలోనులో వచ్చినప్పుడు మా గదిలో ఉండే సికింద్రాబాద్ మిత్రుడు వినేవాడు, నేను నిద్రపోయేవాణ్ని. మూడోది మాత్రం తెలుగు జానపదం. అదే డ్రమ్ములు, అదే గిటార్లు, పాట మాత్రం మన నాట్లు వేసే ఆడవాళ్లు పాడుకునే వరస. జనం చప్పట్లు అందుకున్నారు. మా ఆవిడ నా చెవిలో, "బోనాలకు డప్పు కొట్టినట్టే ఉంది కదండీ, దీనికి రాక్ అని పేరెందుకు?" అంది. సంగీత విద్వాంసులు దీనికేమంటారో గాని, నాకు ఆ మాట సబబుగానే తోచింది. మన హైదరాబాదులోనే చౌరస్తా అనే బృందం ఈ తరహాలో తెలుగు పాటలు కట్టింది. 2020లో కరోనా వచ్చిన కొత్తలో చేతులు కలపవద్దని జాగ్రత్త చెబుతూ వాళ్లు చేసిన పాట మీ ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది.

అక్కడే, ఎవరో నా భుజం తట్టినట్టయి తిరిగి చూస్తే, తుంటి విరిగిందని చెప్పానే, ఆ మిత్రుడు. చక్రాల కుర్చీలో! కొడుకు తోసుకుని వచ్చాడు. వాహనాలు లేవని పేపరులో చదివి ఆయనే తీసుకుపొమ్మన్నాడట. రెండేళ్ల తరువాత ఆస్పత్రికి కాకుండా బయటికి రావటం అదే మొదలు. చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాడు. "మిషను లేకుండానే వినబడుతోంది, ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు. కుర్చీ చేతి మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు, తాళం తప్పుతోంది, ఆయనకు పట్టింపు లేదు. తరువాత నా సైకిలు వైపు చూసి దగ్గరకు తెమ్మన్నాడు. తెచ్చాను. బెల్లు మీద బొటనవేలు పెట్టి నాలుగైదు సార్లు కొట్టాడు. ఆ చప్పుడు ఆయనకు తప్ప ఎవరికీ వినబడలేదనుకుంటాను, డ్రమ్ములు అంతగా మోగుతున్నాయి. వెళ్లేటప్పుడు "మళ్లీ వచ్చే ఆదివారం కూడా ఉంటుందిగా?" అని అడిగాడు.

మరి రెండు ఆదివారాలు వచ్చాడు. తరువాత ఆ ఆదివారాలు నిలకడగా సాగలేదు. ఆయన మళ్లీ బాల్కనీకే పరిమితమయ్యాడు. 2023లో పోయాడు. ఆయన పేరు మన పత్రికలో శ్రద్ధాంజలి పేజీలో వచ్చింది గాని, ట్యాంక్‌బండ్ మీద బెల్లు కొట్టిన సంగతి అందులో లేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

ఇదంతా కుర్రకారు వ్యవహారం, మనకెందుకు అనేవారికి రెండు సంగతులు. ఫ్రాన్సులో రొబేర్ మార్షాన్ అనే ఆయన 2017 జనవరి 4న గంటలో 22.547 కిలోమీటర్లు సైకిలు తొక్కాడు. అప్పటికి ఆయన వయసు 105 సంవత్సరాలు. ఇక రాక్ సంగీతం. రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు బృందం 2024లో అమెరికా అంతా తిరిగి కచేరీలు చేసింది. అందులో ప్రధాన గాయకుడు మిక్ జాగర్‌కు, గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌కు అప్పటికి 80 ఏళ్లు. ఆ కచేరీలకు సమర్పకులు ఎవరనుకున్నారు? ఏఏఆర్‌పీ. రిటైరైన వారి కోసం 1958లో పుట్టిన సంఘం అది! మన కోశాధికారి గారు కంగారు పడనక్కరలేదు, నేను అంత అడగటం లేదు.

చెవుల గురించి ఒక మాట. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చంటారు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. లెక్కల వాళ్లం కనుక వేసి చూడండి, 100 డెసిబెల్స్ దగ్గరకు వచ్చేసరికి పావుగంటే మిగులుతుంది. అందుకని స్పీకరు పెట్టెల ఎదురుగా నిలబడవద్దు. దూరంగా, పక్కగా నిలబడండి, చెవుల్లో దూది సరిపోదు, మందుల షాపులో దొరికే రబ్బరు బిరడాలు పెట్టుకోండి. సైకిలు విషయంలో డాక్టరును అడగనిదే తొక్కవద్దు. 65 దాటిన వారికి వారానికి 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం, మూడు రోజులు తూలకుండా నిలదొక్కుకునే అభ్యాసం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కార్యదర్శి గారు ఇచ్చిన అంశానికి న్యాయం చేయటానికి ఈ వాక్యం చేర్చాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వాహనాలు లేని ఆదివారం అనేది మన కొత్త ఊహ కాదు. కొలంబియా దేశపు బొగోటా నగరంలో 1974లో మొదలుపెట్టారు. అక్కడ ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్ల పైచిలుకు రోడ్లు సైకిళ్లకు, నడిచేవారికి వదిలేస్తారు. దాన్ని చూసి 2013లో గుర్‌గావ్‌లో రాహ్‌గిరి పేరుతో పెట్టారు, 2015లో మన హైటెక్ సిటీ వైపు కూడా జరిగింది. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి, పైన సౌర విద్యుత్ పలకలతో కప్పు వేశారు. చాలా గొప్ప పని. కానీ హిమాయత్‌నగర్‌లో ఉన్న 75 ఏళ్ల పెద్దమనిషి అక్కడికి చేరాలంటే సైకిలును కారులో ఎక్కించుకోవాలి! మనకు కావలసింది గుమ్మం ముందు.

నేను అడిగేది చిన్నది. హిమాయత్‌నగర్‌లో నెంబర్లతో ఉన్న లోపలి వీధుల్లో ఏదో ఒకటి, నెలకొక ఆదివారం, ఉదయం 6 నుంచి 9 దాకా వాహనాలు ఆపమని అధికారులకు మన సంఘం తరఫున వినతిపత్రం. మూడు నెలలు ప్రయోగంగా చేసి చూడమందాం. మొదటి రెండు గంటలూ నడక, సైకిలు, చక్రాల కుర్చీలు. చివరి గంట వీధిలో పిల్లలు ఎవరు ఏది వాయించగలిగితే అది. వీణ అయినా సరే, గిటారు అయినా సరే.

దీనికి అభ్యంతరాలు వచ్చాయి. మా అబ్బాయే మొదటివాడు. "నాన్నా, ఆ టైముకు ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్సు ఎలా వస్తుంది?" అన్నాడు. సరైన ప్రశ్న. అందుకే మెయిన్ రోడ్డు అడగలేదు, వీధిలో కూడా ఒక పక్క పది అడుగులు ఖాళీగా ఉంచాలని కాగితంలో రాశాను. కూరగాయల బండి, పాల వ్యాను సంగతేమిటని ఒకరన్నారు. పాలు ఆరు లోపలే వస్తాయి, కూరగాయల తోపుడు బండికి ఇంజను లేదు, రానివ్వవచ్చు. ఆదివారం కూడా నిద్రపోనివ్వరా అని మా పై ఫ్లాటు ఆయన కోపగించుకున్నారు. ఆయన బాధ నిజమే. సంగీతం ఎనిమిదింటికి ముందు వద్దని, స్పీకరు పెట్టెలు ఇళ్ల వైపు తిప్పవద్దని చేర్చాను. అయినా ఆయన సంతకం పెట్టలేదు, పెట్టకపోవటం ఆయన ఇష్టం. ఒక దుకాణదారు మాత్రం, జనం నడిస్తే బేరం పెరుగుతుంది సార్ అని తనంతట తానే పెట్టాడు.

ఇది అధికారులకు చేరితే ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను. మనం పెట్టిన వినతిపత్రాలు ఎన్ని ఏ బీరువాల్లో ఉన్నాయో మనకంటే ఎవరికి తెలుసు? ఆ బీరువాలకు తాళాలు వేసినవాళ్లమే కదా. అయినా నకారా గారు కేసు వేసినప్పుడు కూడా చాలామంది ఎందుకు వచ్చిన గొడవ అనే ఉంటారు.

కాగితం మూడు ప్రతులు తయారు చేశాను. ఒకటి కోశాధికారి గారి బల్ల మీద, ఒకటి భోజనాల హాలు దగ్గర, మూడోది మెట్లు ఎక్కలేక కింద కూర్చున్న సభ్యుల కోసం మా మనవడి చేతిలో ఉంది. ఎర్ర చొక్కా, భుజాన గిటారు సంచీ, గుర్తు పట్టటం తేలిక. సంతకంతో పాటు మీ వీధి నెంబరు, రోడ్డు దాటటానికి తోడు కావాలో అక్కరలేదో ఆ చివరి గడిలో రాయండి. కుటుంబ సభ్యులు కూడా పెట్టవచ్చు. రాలేకపోయిన మిత్రుల ఇళ్లకు వచ్చే వారం నుంచి సాయంత్రాలు నేనే వెళతాను, సైకిలు మీదే వస్తాను కనుక గేటు దగ్గర బెల్లు వినబడితే తలుపు తీయండి.